వర్జీనియా, బర్లీ కలిపిన పైపు పొగాకు: నాలుక మండుతోందని డబ్బా పారేయకండి, ముందు ఇలా చూడండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికాలోని షార్లెట్‌లో ఉంటున్న ఒకాయన ఆరు నెలలుగా పైపు కాలుస్తున్నారు. ఈమధ్య వర్జీనియా, బర్లీ అనే రెండు రకాల పొగాకు ఆకులు కలిపిన డబ్బా ఒకటి తెచ్చుకున్నారు. దాని గురించి అందరూ ఎండుగడ్డి, బాదం, కోకో, ఎండుద్రాక్ష అని రాస్తున్నారట, ఆయనకు మాత్రం నాలుక మంట తప్ప ఏమీ తెలియడం లేదట. "డబ్బా మంచిది కాదా, నాకే రుచి తెలియదా? ఒక మిశ్రమం బాగుందో లేదో అసలు ఎలా తేల్చాలి?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. రెండూ కాదు. మీరు రాసినదాన్ని బట్టి నూటికి తొంభై పాళ్లు ఆకు తడిగా ఉంది, మీరు తొందరగా పీలుస్తున్నారు. డబ్బాలోంచి తీసి అలాగే నింపకుండా కాస్త ఆరబెట్టండి, సగం వేగంతో కాల్చండి, వేర్వేరు రోజుల్లో కనీసం మూడు బౌల్స్ (పైపు గిన్నె ఒకసారి నింపి కాలిస్తే ఒక బౌల్) అయ్యేదాకా తీర్పు చెప్పకండి. ఆ మూడింట్లోనూ చూడాల్సింది ఇదీ: వర్జీనియా తీపి బౌల్ సగం దాటాక కూడా ఉందా, ఆ తీపి కింద బర్లీ ఆసరాగా నిలబడిందా, అడుగుకు వచ్చేసరికి నోట్లో ఏం మిగిలింది. ఎండుద్రాక్షా కోకోనా అన్నది తర్వాతి సంగతి.

నేనెవరో చెప్పాలి కదా. ఒంగోలు దగ్గర బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే గది, ఉన్న ఇంట్లో పుట్టాను. చదువయ్యాక పదకొండేళ్లు పొగాకు కొనే కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేశాను. ఇప్పుడు నార్త్ కరోలినాలో డర్హమ్‌లో ఉంటున్నాను, పైపు పట్టి పదిహేడేళ్లయింది. ఒక మాట ముందే చెప్పేస్తాను. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టవద్దు. పొగ ఊపిరితిత్తుల్లోకి తీసుకోకపోయినా పైపుతో నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వస్తాయి. నేను వారానికి రెండు బౌల్స్‌కి మించను, కొత్త మిశ్రమాన్ని పరీక్షించే వారం కూడా మూడుతో ఆపేస్తాను. పరీక్షలో సగం పని ముక్కుతో, వేళ్లతో, వెలిగించకుండానే అయిపోతుంది, ఆ సగాన్ని చాలామంది వదిలేస్తారు.

ఈ రెండాకులూ ఎందుకు కలుపుతారో తెలిస్తే ఏం వెతకాలో తెలుస్తుంది. వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడితో ఆరబెడతారు. మొదట 35-38 డిగ్రీల దగ్గర ఆకు పసుపు రంగు తిరిగేదాకా ఉంచుతారు, ఆ సమయంలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి మెల్లగా పెంచుతూ చివరికి ఈనె కూడా ఎండేలా 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. మొత్తం వారం లోపు పని. అంటే చక్కెర తయారవగానే ఆకును చంపేసి ఆ చక్కెరను లోపలే నిలబెట్టేస్తారు. మా నాన్న రాత్రి రెండింటికి లేచి బ్యారన్ కిటికీలోంచి థర్మామీటర్ చూసేవాడు, పసుపు దగ్గర ఒక్క పూట తొందరపడినా ఆకు పచ్చగా ఉండిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది.

బర్లీ దీనికి పూర్తిగా ఎదురు. మొక్కను మొదలంటా నరికి గాలి ఆడే కొట్టంలో వేలాడదీస్తారు. కెంటకీ వైపు వెళ్తే నల్ల రంగు వేసిన పెద్ద పెద్ద చెక్క కొట్టాలు కనబడతాయి, అవి చాలావరకు దీనికోసం కట్టినవే. ఆరు నుంచి ఎనిమిది వారాలు మెల్లగా ఆరుతుంది. అన్నాళ్లూ ఆకు ఇంకా బతికే ఉండి తన చక్కెరను తానే తినేస్తుంది. అందుకే ఆరిన బర్లీలో చక్కెర దాదాపు ఉండదు, నికోటిన్ మాత్రం ఎక్కువ. ఆకు తేలిగ్గా, స్పాంజిలా ఉంటుంది, పైన ఏ పాకం పోసినా పీల్చుకుంటుంది.

ఇప్పుడు కలపండి. వర్జీనియా ఒక్కటే అయితే తీపి, పులుపు, ఘాటైన వేడి. బర్లీ ఒక్కటే అయితే వేయించిన వేరుశెనగ పొట్టు లాంటి పొడి రుచి, ఒళ్లు తెలిసే బరువు, చివర్లో కొంచెం చేదు. పప్పుచారులో పులుపూ పప్పూ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో ఇక్కడా అంతే. పులుపు చాలకపోతే చప్పగా, పప్పు చాలకపోతే నీళ్లగా ఉంటుంది. మిశ్రమం మంచిదా అని అడిగామంటే ఈ పట్టు ఉందా అని అడిగినట్టే.

చిన్న సంగతి, మనవాళ్లు తరచూ తికమకపడేది. ప్రకాశం, బాపట్ల వైపు వాళ్లకి బర్లీ అనగానే నల్ల బర్లీ గుర్తొస్తుంది, 2025లో ధర పడిపోయి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చిన పంట. పైపు డబ్బాల మీద రాసే బర్లీ అది కాదు, అది తెల్ల బర్లీ. 1864లో ఒహాయోలోని బ్రౌన్ కౌంటీలో, కెంటకీ నుంచి తెచ్చిన విత్తనంలోంచి పాలిపోయిన రంగు మొక్కలు కొన్ని మొలిచాయి, ఆ ఆకే తర్వాత అంతటా పాకింది. నల్ల బర్లీ రుచి మనసులో పెట్టుకుని ఈ డబ్బాను కొలవకండి. వర్జీనియా కథ మాత్రం నేను ఇప్పుడున్న చోటుకి దగ్గరే. ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న కాస్వెల్ కౌంటీలో 1839లో స్టీఫెన్ అనే బానిస రాత్రి బ్యారన్ మంట చూస్తూ నిద్రపోయాడని, లేచాక ఆరిపోతున్న మంటలో బొగ్గులు వేస్తే ఆకు బంగారు రంగులో దిగిందని చెబుతారు. ఒంగోలులో మేం "బ్రైట్ గ్రేడ్" అని పిలిచే ఆకు తాత అదే.

ఇక పనిలోకి.

డబ్బా తెరవగానే ముక్కు పెట్టి లోతుగా పీల్చకండి. మొదట వచ్చేది పైన చల్లిన వాసన, దీన్ని టాపింగ్ అంటారు. రమ్ము, వెనిల్లా, పళ్ల వాసన ఏదైనా కావచ్చు. ఒక చిటికెడు తీసి తెల్ల కాగితం మీద పరచి పది నిమిషాలు వదిలేసి మళ్లీ వాసన చూడండి. పై వాసన సగం ఎగిరిపోతుంది, కింద ఉన్నది బయటికొస్తుంది. మంచి వర్జీనియా అయితే ఎండిన గడ్డివాము దగ్గర నిలబడినట్టు ఉంటుంది, దాని వెనకాల సన్నగా చింతపండు లాంటి పులుపు. బర్లీ అయితే మట్టి, గింజల పొట్టు, కోకో పొడి డబ్బా ఖాళీ చేశాక లోపల మిగిలే వాసన. పది నిమిషాల తర్వాత ఏ వాసనా మిగలకపోతే ఆ డబ్బాలో మీరు డబ్బులిచ్చి కొన్నది చాలావరకు టాపింగే. గ్రేడింగ్‌లో మాకు నేర్పింది కూడా ఇదే. బేలు పైపొర చూసి ధర చెప్పకూడదు, మధ్యలోకి చేయి దూర్చి గుప్పెడు లాగి, ముందు నలిపి, ఆ తర్వాతే ముక్కు దగ్గర పెట్టుకోవాలి.

కాగితం మీద ఉండగానే రంగులు విడదీసి చూడండి. నిమ్మపసుపు, నారింజ, ఎర్రగోధుమ ముక్కలు వర్జీనియావి. నిగారింపు లేకుండా మట్టిరంగులో ఉన్నవి బర్లీవి. పసుపు ఎక్కువుంటే పులుపూ చురుకూ ఎక్కువ, ఎరుపు ఎక్కువుంటే బెల్లం వైపు తిరుగుతుంది. బిళ్లగా ఒత్తిన ఫ్లేక్ అయితే ఇలా విడదీయడం కష్టం. ఆవిరి పెట్టి ఒత్తడంతో రంగులన్నీ ఒకటైపోతాయి, అప్పుడు ముక్కునే నమ్ముకోవాలి.

తేమ గురించి ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే మీ సమస్య ఇక్కడే ఉంది. కాల్చడానికి 12-14 శాతం తేమ చాలు. డబ్బాల్లో చాలావరకు అంతకంటే తడిగా వస్తాయి, అమ్మేదాకా ఎండిపోకుండా అలా పెడతారు. రెండు వేళ్ల మధ్య చిటికెడు గట్టిగా నొక్కి వదలండి. ముద్దలా ఉండిపోతే తడి, పటపట విరిగితే మరీ ఎండింది, మెల్లగా విచ్చుకుంటే సరిపోయింది. ఇంకో పద్ధతి, కింది పెదవికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. వర్షం పడ్డ రోజు మా ఇంట్లో గంటన్నర పడుతుంది, చలికాలం హీటర్ నడిచే రోజుల్లో ఇరవై నిమిషాలే. గడియారం చూసి కాదు, వేళ్లతో తేల్చుకోవాలి. తడి ఆకు కాలితే ముందు పుట్టేది ఆవిరి. నాలుక మీద మీకు తగిలేది పొగ కాదు, ఆ ఆవిరే. తడిగా ఉందని ఆరిపోతుంది, ఆరిపోతోందని మీరు గట్టిగా పీలుస్తారు, పీల్చేకొద్దీ వేడి. ఈ చక్రంలో పడితే ఎంత గొప్ప మిశ్రమమైనా ఒకటే రుచి.

పైపు శుభ్రంగా ఉండాలి, ఇది చాదస్తం కాదు. నాలుగేళ్ల క్రితం ఒక మిత్రుడు పంపిన వర్జీనియా-బర్లీని రెండుసార్లు కాల్చి, పొగచూరిన వాసన వస్తోంది, ఆకు పాడైందని రాసి పంపించాను. మూడోసారి వేరే పైపులో వేస్తే ఆ వాసన లేదు. మొదటి పైపులో అంతకుముందు నెలంతా లటాకియా కాల్చాను. అది కట్టె పొగలో ఆరబెట్టే ఆకు, దాని వాసన చెక్కలో దిగిపోయి ఉంది. తప్పు ఒప్పుకుని అతనికి మళ్లీ రాశాను, అప్పటినుంచి పరీక్షకి ఒక మొక్కజొన్న కంకి పైపు విడిగా పెట్టుకున్నాను. మిస్సౌరీలో వాషింగ్టన్ అనే ఊళ్లో 1869 నుంచి వీటిని చేస్తున్నారు, ధర తక్కువ, అనుమానం వస్తే పారేసి కొత్తది తెచ్చుకోవచ్చు. కొత్త కంకి పైపు మొదటి రెండు బౌల్స్‌లో కంకి రుచి కొంత వస్తుంది, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

నోరు కూడా అంతే. కాఫీ తాగిన వెంటనే, ఆవకాయ తిన్న గంటలోపు పరీక్ష పెట్టుకోవద్దు. అలాగని పరగడుపున వద్దు, బర్లీ ఉన్నప్పుడు అస్సలు వద్దు. బర్లీ పొగ క్షార గుణంతో ఉంటుంది, ఆ పొగలోని నికోటిన్ నోటి లోపలి చర్మంలోంచే రక్తంలోకి వెళ్లిపోతుంది. పీల్చకపోయినా తల తిరుగుతుంది, చెమటలు పడతాయి, ఎక్కిళ్లు వస్తాయి. అలా అయితే వెంటనే పక్కన పెట్టి, కూర్చుని, నీళ్లలో చక్కెర కలుపుకుని తాగండి. మిగిలిన సగం బౌల్ కోసం మొండికేయొద్దు.

మరీ అదిమి నింపకండి, వెలిగించకముందు పీల్చి చూస్తే స్ట్రాతో పల్చటి మజ్జిగ తాగినట్టు ఉండాలి. మొదటిసారి వెలిగించింది పైపొర మాడడానికి మాత్రమే, దాన్ని మెల్లగా అణిచి రెండోసారి వెలిగించండి. ఆ రెండోదాని నుంచే రుచి లెక్క. మొదటి ఐదు నిమిషాలు టాపింగ్‌వీ, వర్జీనియా పులుపువీ. చాలామంది సమీక్షలు ఇక్కడ చూసినదాంతోనే రాసేస్తారని నా అనుమానం. అన్ని వర్ణనలూ ఎండుగడ్డి, నిమ్మ దగ్గరే ఆగిపోతాయి మరి.

మధ్య భాగమే అసలు పరీక్ష. పదిహేను, ఇరవై నిమిషాలయ్యాక టాపింగ్ పోతుంది, పులుపు తగ్గుతుంది. ఇప్పుడు కొంచెం పొగ, నిజంగా కొంచెమే, నోట్లోంచి ముక్కు వెనక దారిగుండా బయటికి వదలండి. ఊపిరితిత్తుల్లోకి కాదు. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, చేదు, ఉప్పు లాంటి నాలుగైదు రుచులే, మిగతా వర్ణనంతా ముక్కు పనే. మీకు కోకో తెలియకపోవడానికి ఇది రెండో కారణం కావచ్చు, పొగంతా నోట్లోంచే వదిలేస్తుంటే సగం సమాచారం అలాగే పోతోంది. ఇక్కడ వేయించిన గింజల రుచి వచ్చి, దాని అంచున తీపి ఇంకా మెదులుతూ ఉంటే మిశ్రమం కుదిరినట్టే. తీపి పూర్తిగా మాయమై వేడి కాగితం రుచి వస్తే వర్జీనియా చాలలేదు, లేదా నాసిది వేశారు. తీపి ఉండి కింద ఏమీ లేనట్టు, పొగ పల్చగా గాలిలా ఉంటే బర్లీని పేరుకే కలిపారు.

అడుగు భాగంలో తేమ, నూనెలు దిగి రుచి గట్టిపడుతుంది. మంచి మిశ్రమం ఇక్కడ తాటిబెల్లం వైపు వెళ్తుంది, కుదరనిది మాడిన పప్పులా చేదెక్కుతుంది. చేదు వచ్చినచోట ఆపేయండి, కానీ ఎంత మిగిలి ఉండగా వచ్చిందో రాసుకోండి. పావు వంతు మిగిలుండగా అయితే నేను పట్టించుకోను. సగం దగ్గరే అయితే, మూడు బౌల్స్‌లోనూ అలాగే అయితే, ఆ డబ్బా నాకు వద్దు.

మంట మాటకొస్తే, మంటలన్నీ ఒకటి కావు, ఎక్కడ మండిందో గమనించండి. నాలుక కొన దగ్గర వేడినీళ్లు తగిలినట్టు ఉంటే అది ఆవిరి, ఆరబెడితే పోతుంది. నాలుకంతా, బుగ్గల లోపల కూడా తిమ్మిరిగా మిరియం కొరికినట్టుంటే అది బర్లీ క్షారమో టాపింగో, ఆరబెట్టినా కొంత ఉంటుంది, కొందరి నోటికి అసలు పడదు. గొంతు దగ్గర పట్టేసినట్టుంటే నికోటిన్. మొదటి రకం మీ చేతిలో ఉంది. రెండోది మూడు బౌల్స్‌లోనూ వస్తే ఆ మిశ్రమం మీకు సరిపడదు, అంతమాత్రాన అది చెడ్డదని కాదు.

వర్ణనల విషయంలో ఒక సలహా. వేరేవాళ్ల మాటలు అరువు తెచ్చుకోకండి. ఇక్కడివాళ్లు అత్తిపండు, మేపుల్ సిరప్ అని రాస్తారు, వాళ్లు వాటితో పెరిగారు. నాకు మొదట్లో ఏళ్ల తరబడి అవేవీ తగల్లేదు, నాకు రుచి తెలియదేమో అనుకున్నాను. ఒకరోజు బర్లీ ఎక్కువున్న మిశ్రమం కాలుస్తుంటే మా అమ్మ పల్లీలు వేయించి పొట్టు ఊదే చాట గుర్తొచ్చింది. అదే రాసుకున్నాను. అప్పటినుంచి నా నోట్‌బుక్‌లో జొన్నపేలాలు, పాకం ముదిరిన బెల్లం, ఎండబెట్టిన చింతపండు, వాన పడ్డ గడ్డివాము లాంటి మాటలే ఉంటాయి. మళ్లీ ఏడాది తర్వాత చదివినా ఆ రుచి నాకు వెంటనే గుర్తొస్తుంది. అత్తిపండు అని రాసి ఉంటే గుర్తొచ్చేది కాదు.

వీలైతే ఒక ప్రయోగం చేయండి, నాకు పదేళ్ల కాల్చడం కంటే ఇదే ఎక్కువ నేర్పింది. టాపింగ్ లేని వర్జీనియా కొంచెం, టాపింగ్ లేని బర్లీ కొంచెం విడివిడిగా కొనండి. చెరో చిన్న బౌల్ విడిగా చూడండి. తర్వాత మూడు చిన్న సీసాల్లో పది గ్రాముల చొప్పున, వర్జీనియా ఏడు పాళ్లు బర్లీ మూడు, సగం సగం, వర్జీనియా మూడు బర్లీ ఏడు, ఇలా కలిపి మూత పెట్టి రెండు వారాలు వదిలేయండి. తేమ రెండాకుల మధ్యా సమానమయ్యేదాకా ఆగాలి, కలిపిన రోజే కాలిస్తే రెండూ విడివిడిగా తగులుతాయి. ఒక్కో వారం ఒక్కో సీసా చూడండి. నాకైతే ఏడు మూడు పాళ్లది మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా ఉండి తర్వాత వేడెక్కింది, మూడు ఏడు పాళ్లది అడుగులో చేదెక్కింది. ఆరు నాలుగు దగ్గర ఆగాను. మీకు వేరేచోట ఆగవచ్చు. ఆ తర్వాత దుకాణంలో కొన్న ఏ డబ్బా అయినా మీ మూడు సీసాల్లో దేనికి దగ్గరో చెప్పగలుగుతారు, రుచి చూడడమంటే అదే.

నిల్వ గురించి కూడా అడుగుతారేమో, పొట్టిగా చెబుతాను. వర్జీనియాలో చక్కెర ఉంది కాబట్టి గాలి చొరని సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ పులుపు తగ్గి మెత్తబడుతుంది. బర్లీ అంతగా మారదు. టాపింగ్ మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. కాబట్టి టాపింగ్ నచ్చి కొన్న డబ్బాను దాచుకోకండి, ఆకు నచ్చి కొన్నదైతే ఒకటి పక్కన పెట్టుకోండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం వద్దు. నేను ఒక వేసవిలో మంచి డబ్బా ఒకటి వారం రోజులు కారులో మరిచిపోయాను, తెరిస్తే ఉడికిన ఆకుకూర వాసన.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇంతే. ఈ వారం మూడు గ్రాములు తూచి, కాగితం మీద ఆరబెట్టి, పెదవికి చల్లగా తగలనప్పుడు నింపండి. ఒక బౌల్‌కి నలభై ఐదు నిమిషాల నుంచి గంట పట్టాలి, ఇరవై నిమిషాల్లో అయిపోతే ఇంకా తొందరపడుతున్నట్టే. ఆరిపోతే ఆరిపోనివ్వండి, మళ్లీ వెలిగించడం తప్పేమీ కాదు. ఎండబెట్టాక మంట నాలుకలో ఏ భాగంలో ఉంది, తీపి ఎన్నో నిమిషం దాకా నిలిచింది, చేదు ఎంత మిగిలి ఉండగా మొదలైంది, ఈ మూడూ రాసి ఇక్కడే పెట్టండి. డబ్బా పేరు కూడా చెబితే, దొరికినంతలో నేనూ ఒక బౌల్ చూసి నాకేం తగిలిందో రాస్తాను.